షిప్ డెక్ ప్లాన్: అంతా గళ్ళలో గీయాలా, జోన్లు చాలా, నాలుగు డబ్బాలతో పని కానిచ్చేయాలా?

స్పేస్ ఆర్పీజీ (టేబుల్ చుట్టూ కూర్చుని పాత్రలు పోషిస్తూ ఆడే అంతరిక్ష కథల ఆట) మొదలుపెట్టిన ప్రతి జీఎమ్‌కీ, అంటే ఆట నడిపించే గేమ్ మాస్టర్‌కీ, ముందుగా పుట్టే కోరిక ఒకటుంది, ప్లేయర్ల షిప్‌ని బాత్రూమ్‌తో సహా స్కేలుకి గీసేయాలని. గీయండి, తప్పేం లేదు, సరదాగానే ఉంటుంది. కాకపోతే దాని మీద రెండు వీకెండ్లు తగలేసే ముందు, మీ ఆటలో షిప్ లోపల అసలు ఏం జరగబోతోందో ఒక్కసారి ఆలోచించుకోండి. ఒక గ్రహంలో ఎక్కి ఇంకో గ్రహంలో దిగడానికి మాత్రమే అయితే డెక్ ప్లాన్ (షిప్ లోపలి అంతస్తుల పటం) ఎవరూ చూడరు. పైరేట్లు ఎక్కి కాల్పులు జరిగే ఆటైతే ఎవరు ఏ గడిలో ఉన్నారన్నది ప్రతి టర్న్‌లోనూ కావాలి. ఏదో జీవి పైపుల మధ్య తిరుగుతూ ఒక్కొక్కరినీ తీసుకుపోయే ఆటైతే గళ్ళు ఉంటే ఉన్న భయం కూడా పోతుంది. ఈ మూడింటికీ మూడు రకాల కాగితాలు కావాలి. ఏ సాఫ్ట్‌వేర్ బాగుంటుందని అడిగేవాళ్ళే ఎక్కువగా కనిపిస్తారు గానీ అది చివర్లో తేల్చుకోవాల్సిన సంగతి.

ఇది బెంగళూరులో ఉంటూ శనివారం రాత్రి ఎవరో ఒకరి టూ బీహెచ్‌కేలో డైనింగ్ టేబుల్ ఖాళీ చేయించి ఆడేవాళ్ళని, సిల్క్ బోర్డ్ దాటి రాలేక సగం వారాలు ఆన్‌లైన్‌లో ఆడేవాళ్ళని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నా. పెద్ద టేబుల్, గోడ నిండా మ్యాపులు, రంగులేసిన మినియేచర్లు (పాత్రల చిన్న బొమ్మలు) ఉన్నవాళ్ళకి నా సలహాతో పనిలేదు.

ముందు సైజు

ట్రావెలర్ 1977లో వచ్చిన ఆట, మార్క్ మిల్లర్ డిజైన్. డెక్ ప్లాన్ల విషయంలో దాని లెక్క ఇప్పటికీ నడుస్తోంది, వేరే ఆట ఆడేవాళ్ళు కూడా అదే వాడుకోవచ్చు. అక్కడ షిప్ టన్ను అంటే బరువు కాదు, ఒక టన్ను ద్రవ హైడ్రోజన్ పట్టే చోటు, అంటే దాదాపు 14 ఘనపు మీటర్లు. గడి ఒక్కో వైపు 1.5 మీటర్లు, డెక్ ఎత్తు 3 మీటర్లు అనుకుంటే రెండు గళ్ళు కలిపి 13.5 ఘనపు మీటర్లు వస్తాయి, కాబట్టి టన్నుకి రెండు గళ్ళు. లెక్క 10 నుంచి 20 శాతం అటూ ఇటూ అయినా పరవాలేదని పాత రూల్స్‌లోనే ఉంది, కాలిక్యులేటర్ పట్టుకుని కూర్చోనక్కర్లేదు. స్టార్‌ఫైండర్ లాంటి ఆటల్లో గడి 5 అడుగులు. 1.5 మీటర్లంటే 4.92 అడుగులు, అంటే రెండూ ఒకటే అనుకోవచ్చు, ఒక ఆట మ్యాప్ ఇంకో ఆటలో పెట్టినా ఎవరికీ తేడా తెలియదు.

ఇప్పుడు అసలు తమాషా చూడండి. ట్రావెలర్‌లో అందరూ ఎక్కే చిన్న సరుకు షిప్ ఫ్రీ ట్రేడర్, 200 టన్నులు. గళ్ళల్లో 400, చదరపు మీటర్లలో 900. మన ఊళ్ళో చదరపు అడుగుల్లో చెప్తే గానీ ఎవరికీ ఎక్కదు కాబట్టి చెప్తున్నా, దాదాపు 9,700 చదరపు అడుగులు, అంటే 30×40 సైట్లు ఎనిమిది పక్కపక్కన పెట్టినంత. ‘చిన్న’ షిప్ అది! అందులో పాత ఎడిషన్ ప్రకారం కార్గో హోల్డ్ ఒక్కటే 82 టన్నులు, 164 గళ్ళు తినేస్తుంది. ఒక్క జంప్‌కి (ఒక నక్షత్రం నుంచి ఇంకోదానికి దూకడానికి) కావాల్సిన ఇంధనం షిప్ సైజులో 10 శాతం, అంటే 20 టన్నులు, మరో 40 గళ్ళు. బ్రిడ్జ్‌కి (షిప్ నడిపే గదికి) కనీసం 20 టన్నులు, ఇంకో 40 గళ్ళు. బ్రిడ్జ్‌కి అంత ఇచ్చారు కదా అని 40 గళ్ళూ కుర్చీలతో నింపేస్తే అది పెళ్ళి హాలవుతుంది, అందులో సెన్సర్లూ కంప్యూటర్ రాక్‌లూ వాటి వెనక సర్వీస్ సందులూ కలిపి లెక్క. స్టేట్‌రూమ్‌కి, అంటే పడకగదికి, ఇచ్చిన 4 టన్నుల్లో కూడా కొంత కారిడార్లకీ భోజనాల గదికీ పోవాల్సిందే.

నిజం స్పేస్ స్టేషన్ ఎంత ఇరుకో చూస్తే ఈ విశాలం ఇంకా తేలిపోతుంది. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం ఐఎస్‌ఎస్‌లో డెస్టినీ ల్యాబ్ మాడ్యూల్ 8.5 మీటర్ల పొడవు, 4.3 మీటర్ల వ్యాసం. మన గళ్ళల్లో ఆరు పొడవు, మూడు వెడల్పు, అదీ పూర్తిగా నిండదు. ఇరుకుగా, చెమట వాసనొచ్చేలా ఉండే షిప్ కావాలనుకుంటే ట్రావెలర్ టన్నుల్ని పక్కన పెట్టి ఈ సైజులు పట్టుకోండి.

గళ్ళ ప్లాన్ ఎవరికి

కాల్పులు ఎక్కువగా ఉండే ఆటకి గళ్ళ ప్లాన్‌ని మించింది లేదు. రేంజ్, కవర్, గ్రెనేడ్ ఎక్కడ పడింది, తలుపు వెనక ఎవరున్నారు, అన్నీ కళ్ళముందే ఉంటాయి, జీఎమ్‌తో వాదనలు సగానికి సగం తగ్గుతాయి. కానీ అందంగా కనిపించే ప్లాన్ ఆడటానికి పనికొస్తుందన్న గ్యారంటీ లేదు, అసలు చిక్కంతా అక్కడే.

ఒక మామూలు ప్లాన్ తీసుకోండి. ముందు బ్రిడ్జ్, వెనక ఇంజన్ రూమ్, మధ్యలో ఒక గడి వెడల్పున్న పొడుగాటి కారిడార్, దానికి రెండు వైపులా స్టేట్‌రూములు. చూడ్డానికి నిజం షిప్‌లాగే ఉంటుంది. ఎయిర్‌లాక్ (షిప్‌లోకి వచ్చే రెండు తలుపుల గది) పగలగొట్టి ఆరుగురు పైరేట్లు లోపలికొచ్చారు, మనవాళ్ళు నలుగురు ఎదురెళ్ళారు. కారిడార్‌లో ముందు నిలబడింది ఒక్కడే, కాలుస్తున్నది వాడొక్కడే, అటువైపు కూడా ఒక్కడే. వెనక ముగ్గురికీ దారి లేదు, గురి లేదు, రెండో రౌండ్‌కే ఫోన్లు బయటికొస్తాయి. ‘మామా, నా టర్న్ వస్తే చెప్పు’ అన్న మాట వినిపించిందంటే ప్లాన్ ఫెయిలైనట్టే లెక్క.

దీనికి మందు కారిడార్‌ని రెండు గళ్ళు చేయడం ఒక్కటే అనుకుంటారు చాలామంది, అది కొంతవరకే పనిచేస్తుంది. అసలు మందు చుట్టుదారి. కొట్లాట జరగగల ప్రతి గదికీ కనీసం రెండు దారులుండాలి, ఆ రెండో దారి పెద్ద తలుపే కానక్కర్లేదు, నేలలో హ్యాచ్ కావచ్చు, ఇంధనం ట్యాంకుల పక్కన పాకుతూ పోయే సర్వీస్ సందు కావచ్చు, బయటినుంచి సూట్ వేసుకుని వెనక ఎయిర్‌లాక్‌లోకి రావడం కావచ్చు. పైన చెప్పిన అదే ప్లాన్‌లో ఇంజన్ రూమ్ నేల నుంచి కార్గో హోల్డ్‌లోకి ఒక నిచ్చెన పెట్టి, కార్గో హోల్డ్ ముందు భాగం నుంచి బ్రిడ్జ్ కిందకి ఇంకోటి పెట్టండి. రెండే రెండు గుర్తులు, అంతే, కానీ ఇప్పుడు ఒకడు కారిడార్‌ని ఆపుతుంటే ఇద్దరు కిందనుంచి తిరిగొచ్చి పైరేట్ల వెనక తేలతారు. పైరేట్లకీ అదే ఆలోచన రావచ్చు కాబట్టి ఇంజనీర్ ఒంటరిగా కూర్చుని చెమటలు కక్కుతుంటాడు. రెడీమేడ్ ప్లాన్ కొనేటప్పుడు కూడా నేను చూసేది ఈ చుట్టుదారులే, టెక్స్చర్ ఎంత మెరుస్తోందన్నది తర్వాత.

ఇంకో చిన్న విషయం, డెక్‌లు రెండు మూడు ఉన్నప్పుడు లిఫ్టూ నిచ్చెనలూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోవాలి. అమ్ముడుపోయే ప్లాన్లలోనే ఇవి రెండు గళ్ళు పక్కకి జరిగి కనిపిస్తుంటాయి. చేత్తో గీసేవాళ్ళు ట్రేసింగ్ పేపర్ వేసి పై డెక్ గీస్తే ఆ గొడవ ఉండదు.

జోన్లు, డబ్బాలు

2019లో ఫ్రీ లీగ్ తెచ్చిన ఏలియన్ ఆర్పీజీ గళ్ళ జోలికి పోకుండా జోన్లతో నడిపిస్తుంది. ఒక గదో, కారిడార్ ముక్కో ఒక జోన్, కొన్ని అడుగుల నుంచి పాతిక మీటర్ల దాకా ఎంతైనా ఉండొచ్చు. ‘నువ్వు అదే జోన్‌లో ఉన్నావా, పక్క జోన్‌లో ఉన్నావా’ అన్నది తెలిస్తే చాలు, ఆట ముందుకెళ్తుంది. జోన్ పద్ధతిలో నాకు నచ్చేది, ప్రతి జోన్ మీద ఒక మాట రాసి పెట్టుకోవచ్చు: చీకటి, రొద, ఇరుకు, నేలంతా నూనె. గళ్ళ ప్లాన్‌లో ఇవన్నీ గీయాలి, ఇక్కడ రాస్తే సరి. స్కేలు తప్పుతుందేమో అన్న టెన్షన్ లేదు. మైనస్ ఏంటంటే గళ్ళ ఆటలకి అలవాటుపడ్డవాళ్ళు మొదట్లో గింజుకుంటారు, ‘నాకూ వాడికీ మధ్య ఎన్ని మీటర్లు’ అని ప్రతి టర్న్‌లోనూ అడుగుతారు, ఒక సెషన్ ఓపిక పట్టాలి. స్టార్‌ఫైండర్‌లాగా గడి గడికీ రూల్ ఉన్న ఆటలో మాత్రం జోన్లు పెట్టొద్దు, సగం క్యారెక్టర్ షీట్ దండగవుతుంది.

డబ్బాల పద్ధతి ఇంకా తేలిక. గదికో డబ్బా, మధ్యలో గీతలు, అయిపోయింది. తలుపైతే మామూలు గీత, నిచ్చెనైతే అడ్డగీతలు, వెంటిలేషన్ సందైతే చుక్కల గీత, తాళం ఉంటే గీత మీద ఒక ఇంటూ. మదర్‌షిప్ లాంటి హారర్ ఆటలు ఆడేవాళ్ళలో ఈ రకం మ్యాపులు బాగా వాడుకలో ఉన్నాయి, కారణం కూడా సులువుగానే తెలుస్తుంది. భయం పుట్టాలంటే ఆ జీవి ఎంత దూరంలో ఉందో ప్లేయర్‌కి కచ్చితంగా తెలియకూడదు, కానీ ఎటు పారిపోవచ్చో తెలియాలి. డబ్బాల మ్యాప్ సరిగ్గా అంతే చెప్తుంది. గురుత్వం లేని షిప్‌లకి కూడా ఇదే మేలు, గోడ ఏదో నేల ఏదో తేడా లేని చోట పైనుంచి చూసిన ప్లాన్ ఒక పక్క మాత్రమే చూపిస్తుంది.

నా పద్ధతి అడిగితే, ఏ ఆటైనా ముందు డబ్బాల మ్యాప్ గీస్తాను. చుట్టుదారులు ఉన్నాయా లేవా అన్నది అందులో ఒక్క చూపుకే తెలిసిపోతుంది, చెరిపి మార్చడం కూడా క్షణంలో పని. తర్వాత కాల్పులు జరిగే అవకాశం నిజంగా ఉన్న రెండు చోట్లు, మామూలుగా ఎయిర్‌లాక్‌తో కలిపి కార్గో హోల్డ్, ఇంకా ఇంజన్ రూమ్, వాటిని మాత్రం గళ్ళల్లో గీస్తాను. స్టేట్‌రూమ్‌లో ఎవరి మంచం ఎటు ఉందో ఏ ప్లేయరూ అడగడు. అడిగాడంటే ఆ మంచం కింద ఏదో దాచాడని అర్థం, అప్పుడు గీయండి.

పక్కనుంచి కోసి చూపించే బొమ్మ ఒకటుంది, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, కొత్తగా చేరిన ప్లేయర్‌కి షిప్ పరిచయం చేయడానికి బాగుంటుంది. ఆడటానికి కాదు. ఐసోమెట్రిక్ బొమ్మలదీ అదే కథ. 2016లో వచ్చిన మంగూస్ ట్రావెలర్ రెండో ఎడిషన్ కోర్ పుస్తకంలో షిప్‌లు ఐసోమెట్రిక్‌గా వేశారు, చూస్తూ కూర్చోవచ్చు, టోకెన్ (పాత్ర గుర్తుగా పెట్టే బిళ్ళ) పెడదామంటే గడి ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతుందో తెలియదు. ఆడాలంటే పైనుంచి చూసిన ప్లానే వెతుక్కోండి, లేదా ఆ బొమ్మ చూసి మీరే గీసుకోండి.

డెక్‌లు ఎటు పేర్చాలి

దీన్ని ఎవరూ పట్టించుకోరు గానీ టేబుల్ మీద చాలా తేడా తెస్తుంది. షిప్‌లో కృత్రిమ గురుత్వం ఉందనుకుంటే డెక్‌లు విమానంలోలాగా ఇంజన్ తోసే దిశకి సమాంతరంగా పరుచుకోవచ్చు, ట్రావెలర్ షిప్‌లు చాలావరకు ఇంతే. గురుత్వం ఇంజన్ తోపుడు వల్లే వస్తుందంటే మాత్రం ఇంజన్ కింద, ముక్కు పైన, డెక్‌లు ఒకదాని మీద ఒకటి, దీన్నే టవర్ పద్ధతి అంటాం. సైన్స్ ప్రకారం రెండోదే సబబు. ఆటకి ఏది మేలన్నది వేరే ప్రశ్న.

అదే 200 టన్నుల్ని టవర్‌గా చేస్తే ఎనిమిది డెక్‌లు, ఒక్కోటి 7×7 గళ్ళు, మొత్తం 392. గడికి ఒక అంగుళం చొప్పున ఒక్కో డెక్ ఒక్కో ఏ4 కాగితంలో హాయిగా పడుతుంది, ఇంట్లో ప్రింటర్ ఉన్నవాళ్ళకి ఇంతకన్నా ఏం కావాలి. పైగా ప్లేయర్లు ఎక్కిన డెక్ కాగితం మాత్రమే టేబుల్ మీద పెడతారు, మిగతావి మీ చేతిలోనే ఉంటాయి, పై డెక్‌లో ఏముందో ఎవరికీ తెలియదు. హారర్‌కి ఇది వరం. కాల్పుల ఆటలో మాత్రం చిరాకు తెప్పిస్తుంది, ఇద్దరు మూడో డెక్‌లో, ఒకడు ఆరులో, ఇంకొకడు నిచ్చెన మీద, కాగితాలు మార్చడంలోనే సెషన్ అయిపోతుంది. పరుచుకున్న ప్లాన్‌కి అంగుళం గళ్ళల్లో ఏ3 కాగితాలు మూడు నాలుగు అతికించాలి, కానీ అందరూ ఒకేసారి అన్నీ చూస్తారు, యాక్షన్‌కి అదే సుఖం. మినియేచర్లు 15 మిల్లీమీటర్లవైతే గడికి అర అంగుళం చాలు, అదే షిప్ ఒక్క ఏ3లో సర్దుకుంటుంది.

తిరిగే చక్రం పెట్టి గురుత్వం తెప్పిద్దామనుకునేవాళ్ళు ఒక్క లెక్క చూసుకోండి. నిమిషానికి 2 చుట్లు తిరుగుతూ భూమ్మీదున్నంత గురుత్వం రావాలంటే చక్రం వ్యాసార్థం దాదాపు 224 మీటర్లు, 4 చుట్లైతే 56. చిన్న షిప్‌కి అది కుదరదు, స్టేషన్‌కైతే బ్రహ్మాండంగా ఉంటుంది. ప్లాన్‌ని ఒక పొడుగు పట్టీలా గీసి రెండు చివర్లూ కలుస్తాయని రాసేయండి, అంతకుమించి కష్టపడొద్దు.

ఇక సాఫ్ట్‌వేర్

ప్రింట్ తీసి ఆడతారా, స్క్రీన్ మీదా? దీన్ని బట్టే ఎంపిక. స్క్రీన్ కోసం చేసిన మ్యాపుల్లో గడికి 70 నుంచి 100 పిక్సెళ్ళు ఉంటే చాలు, దాన్నే అంగుళం గడికి ప్రింట్ తీస్తే అక్షరాలు మసకమసగ్గా వస్తాయి. ప్రింట్‌కి గడికి 300 పిక్సెళ్ళు కావాలి, లేదా వెక్టర్‌లో (ఎంత పెద్దది చేసినా మసకబారని గీతల బొమ్మగా) గీసుకోవాలి.

వెక్టర్ అంటే ఇంక్‌స్కేప్, ఉచితం. నేర్చుకోవడానికి మొదటి రెండు రోజులు విసుగొస్తుంది, తర్వాత వేరేదానికి మారబుద్ధి కాదు. డెక్‌కో లేయర్ పెట్టి పైదాన్ని సగం పారదర్శకం చేస్తే నిచ్చెనలు సరిగ్గా కూర్చున్నాయో లేదో కనిపిస్తుంది. స్టేట్‌రూమ్ ఒకటి గీసి మిగతావి క్లోన్లు చేయండి, మొదటిదాంట్లో తలుపు జరిపితే అన్నింట్లోనూ జరుగుతుంది. గదుల పేర్లు తెలుగులో రాసుకునేవాళ్ళకి ఒత్తులు కూడా విడిపోకుండా వస్తాయి.

డంజన్‌డ్రాఫ్ట్ ఒకసారి డబ్బు కట్టి కొనుక్కునేది, గోడలు లాగి వస్తువులు పడేస్తే పావుగంటలో గది తయారు. దాంతో వచ్చే బొమ్మలు ఎక్కువగా రాతి గోడలూ చెక్క బల్లలే కాబట్టి సైన్స్ ఫిక్షన్ ప్యాక్‌లు విడిగా వెతుక్కోవాలి. దాని పెద్ద ప్లస్ ఏంటంటే గోడలూ లైట్లతో సహా ఎక్స్‌పోర్ట్ అవుతుంది, ఫౌండ్రీలో (ఆన్‌లైన్‌లో మ్యాప్ పెట్టి ఆడించే సాఫ్ట్‌వేర్) ఒక మాడ్యూల్ పెట్టుకుంటే మళ్ళీ గోడలు గీయనక్కర్లేదు. ఆన్‌లైన్‌లోనే ఆడేవాళ్ళు, బొమ్మ గీయడం మీద మోజు లేనివాళ్ళు దీనికే వెళ్ళండి.

ఫౌండ్రీ కూడా ఒక్కసారి కొంటే చాలు, జీఎమ్ ఒక్కడు కొంటే ప్లేయర్లకి బ్రౌజర్ సరిపోతుంది. మన ఇళ్ళల్లో వచ్చే చిక్కు నెట్‌తో, ఆట నడిచేది జీఎమ్ కంప్యూటర్‌లోనే కదా. కొన్ని బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లలో మనకంటూ సొంత పబ్లిక్ ఐపీ ఇవ్వరు, అలాంటప్పుడు పోర్ట్ ఫార్వర్డింగ్ ఎంత సెట్ చేసినా బయటివాళ్ళు కనెక్ట్ కాలేరు. కొనే ముందు అది కనుక్కోండి, లేదంటే హోస్టింగ్‌కి నెలనెలా కట్టాల్సి రావచ్చు. అంత అవసరం లేదనుకుంటే ఔల్‌బేర్ రోడియో ఉంది, బ్రౌజర్‌లో మ్యాప్ పడేసి ఫాగ్ కప్పి (ప్లేయర్లు ఇంకా చూడని చోట్లు దాచి) ఆడేయొచ్చు, డబ్బాల మ్యాప్‌కి అంతకన్నా ఎక్కువ అక్కర్లేదు కూడా.

చేత్తో గీసేవాళ్ళు గ్రాఫ్ పేపర్‌కి అవెన్యూ రోడ్ వెళ్తే సరి. పెద్ద సైజు ప్రింట్ కావాలంటే మామూలు జిరాక్స్ షాపుల్లో ఏ3తో ఆగిపోతారు, బిల్డింగ్ ప్లాన్లు ప్రింట్ చేసే ప్లాటర్ షాపుకి వెళ్ళండి, అంగుళం గళ్ళల్లో 33×46 దాకా ఒక్క ఏ0 షీట్‌లో పట్టేస్తుంది. నల్లటి అంతరిక్షం నేపథ్యం తీసేసి తెల్ల కాగితం మీద నల్ల గీతలే ఉంచండి, ఇంకు దండగ, పైగా టోకెన్లు కనపడవు. లామినేషన్ చేయిస్తే వైట్‌బోర్డ్ మార్కర్‌తో రాసి తుడుచుకోవచ్చు, పేలిన తలుపులూ మంటలూ గుర్తుపెట్టడానికి బాగా పనికొస్తుంది. ఫైల్ పీడీఎఫ్‌లోనే ఇవ్వండి, అక్షరాలని ముందే పాత్‌లుగా (ఫాంట్ అక్కర్లేని గీతల ఆకారాలుగా) మార్చేయండి, షాపు కంప్యూటర్‌లో మీ తెలుగు ఫాంట్ ఉండదు. ‘ఫిట్ టు పేజ్ వద్దన్నా, హండ్రెడ్ పర్సెంట్ సైజులో తీయండి’ అని చెప్పి, మొదటి కాపీ రాగానే గడి మీద స్కేలు పెట్టి కొలిచాకే మిగతావి తీయించండి.